కాగితపుటూరిలో కాగితమున కెక్కని తల్లులు

కాజీపేటనుండి బలార్షా పోవు రైలుబండిలో ఉత్తరముగా పోవువారికి పెద్దపల్లి దాటినది మొదలు నేల రూపు మారుచుండును. రామగుండము గడచి గోదావరి వంతెన దాటినపిమ్మట వరిమళ్లు పలుచనై, పత్తిచేలును, వానివెనుక టేకుచెట్లును, వెదురుపొదలును కానవచ్చును. మంచిర్యాల, బెల్లంపల్లి, ఆసిఫాబాదు రోడ్డు స్టేషనులను దాటి మేము సిర్పూరు కాగజ్‌నగరమున దిగునప్పటికి ప్రొద్దు వాలుచుండెను. ఈ రైలుమార్గము 1929 నాటికి పూర్తియైనది. అంతకుముందు ఈ సీమలో ప్రయాణమనగా ఎడ్లబండి, లేదా కాలినడక. వానకాలమున వాగులు పొంగినచో అవియును లేవు. ఈ సంగతిని పాఠకసోదరీమణులు మనసున నుంచుకొనగోరెదము. మేము చెప్పబోవు స్త్రీలలో పెక్కుమంది ఇట్టి త్రోవలను కాళ్లతో కొలిచినవారు.

ఊరి పేరే ఊరి వృత్తిని చెప్పుచున్నది. కాగజ్ అనగా ఉర్దూలో కాగితము. మొదట ఇది కొత్తపేట అను చిన్నపల్లె. నైజాము ప్రభుత్వకాలమున 1938లో సిర్పూరు కాగితపు మిల్లు స్థాపింపబడి, 1942లో కాగితము తీయుట మొదలైనపిదప పల్లె పట్టణమై క్రొత్తపేరు దాల్చినది. అడవుల వెదురును, పెద్దవాగు నీరును, సింగరేణి బొగ్గును చేరువ నుండుటచే మిల్లు కిక్కడ స్థలము కుదిరినది. వెదురును ముక్కలుగా కొట్టి, మందులతో ఉడికించి, గుజ్జుచేసి, కడిగి తెల్లబరచి, జల్లెడవంటి తీగవలపై పలుచగా పరచి, ఆవిరితో వేడెక్కిన ఉరుళ్లపై ఆరబెట్టినచో అది కాగితమగును. వడియముల పిండి ఉడికించి గుడ్డపై పరచి ఎండబెట్టు ఇల్లాలికి ఈ పని చెప్పినంతనే బోధపడును.

2014లో ఈ మిల్లు మూతపడెను. జీతము లేని ఆ యేండ్లు కాపురములను ఎట్లు నెట్టుకొని వచ్చిరో ఆ యిండ్ల ఆడువారినే అడుగవలెను. 2018లో యాజమాన్యము మారి మిల్లు మరల నడువసాగినది. 2016లో ఏర్పడిన కొమరం భీం ఆసిఫాబాదు జిల్లాలో ఇదియే పెద్ద పట్టణము. పనికొరకు నలుదిక్కులనుండి వచ్చినవారితో నిండిన ఊరగుటచే దేవాలయములు, మసీదులు, క్రైస్తవ ప్రార్థనాలయములు అన్నియును ఇక్కడ ఇరుగుపొరుగున నున్నవి.

మే మీ యూరికి వచ్చినది మిల్లును చూచుటకు మాత్రమే కాదు. ఉత్తర తెలంగాణమున మెథడిస్టు సంఘపు తొలినాటి స్త్రీలు నాటిన చదువును, వైద్యమును గూర్చి తెలిసికొనవలెనని బయలుదేరితిమి. తెలిసినవా రొకరు మమ్ము ఒక వృద్ధురాలి యింటికి తీసికొనిపోయిరి. ఎనుబదియేండ్లు దాటిన యామె చావడిలో మంచముపై కూర్చుండి చింతపండు గింజలు తీయుచుండెను. మేము కూర్చుండి సంగతి చెప్పితిమి.

“మా నాయనమ్మ ఊర్లు తిరిగేది బిడ్డా” అని యామె మొదలుపెట్టెను. “సంకల సంచి, చేతిల కర్ర. సంచిల పుస్తకాలు, ఇంత కండ్లమందు. పొద్దున్నే పోతే మాపటికి వచ్చేది. ఆడోళ్లకు అక్షరాలు నేర్పేది, పాటలు చెప్పేది.”

“ఆమె పేరేమి, అవ్వా?” అని అడిగితిమి.

ఆమె గింజ తీయుట ఆపి కొంతసేపు ఆలోచించెను. “ఊర్లె అందరు పంతులమ్మ అనేటోళ్లు. మేము నాయనమ్మ అన్నం. మా తాత ఓ అనే పిలిచేటోడు. పేరు పెట్టి పిలిచినోళ్లు ఎవ్వరు లేరు బిడ్డా.”

ఈ సమాధానము మమ్ము విడువలేదు. కాగితము పుట్టు ఊరిలో, ఎందరికో అక్షరములు దిద్దించిన స్త్రీ పేరు తన మనుమరాలికే తెలియదు. ఇది ఆ యింటివారి తప్పు కాదు. ఆమె చేసిన పని పేరుగల పని యని ఆనాడు ఎవరికిని తోచలేదు. అందుచే పేరు నిలిచిన స్త్రీలెవరు, నిలువనివా రెవరు, ఆ భేద మెట్లు వచ్చినదని విచారింపవలసివచ్చినది. దానికి ఈ సంఘము పుట్టిన చోటునుండి మొదలుపెట్టవలెను.

పదునెనిమిదవ శతాబ్దమున ఇంగ్లండు దేశమున జాన్ వెస్లీ, చార్లెస్ వెస్లీ అను అన్నదమ్ములును, వారి మిత్రులును ఆక్సుఫర్డులో చదువుకొనునప్పుడు ప్రార్థనకు, ఉపవాసమునకు, బీదల సేవకు వేళలు నిర్ణయించుకొని తప్పక నడుచుకొనుచుండిరి. తోటివారు పరిహాసముగా వీరికి మెథడిస్టులని పేరుపెట్టిరి. పద్ధతి తప్పనివారని దాని భావము. ఆ పద్ధతి యన్నదమ్ములకు తల్లి సుసన్నా వెస్లీ వలన అబ్బినది. ఆమె 1669లో పుట్టి 1742లో గతించెను. పందొమ్మిదిమందిని కని, సుమారు సగముమందిని పసితనముననే పోగొట్టుకొన్నది. మిగిలిన పిల్లలకు తానే బడి పెట్టినది. ఒక్కొక్క బిడ్డతో ఏకాంతముగా మాటలాడుటకు వారమున ఒక్కొక్క సాయంకాలము నియమించుకొన్నది. ఆడుపిల్లకు చక్కగా చదువ వచ్చువరకు కుట్టుపని మొదలగు పనులలో పెట్టరాదని ఆమె కట్టడ. మూడువందల యేండ్లనాటి ఈ నియమము నేటికిని కొన్ని యిండ్లకు క్రొత్తగానే యుండును.

1712 ప్రాంతమున భర్త లండనులో నుండగా ఆమె ఆదివారము సాయంకాలము తన పిల్లలకు, పనివారికి వంటయింటిలో ప్రసంగము చదివి వినిపించుచుండెను. ఇరుగుపొరుగువారు వచ్చి చేరిరి. క్రమముగా రెండువందలమంది వరకు కూడిరి. ఇది ఆడుదానికి తగినపని కాదని భర్తకు ఫిర్యాదు పోయినది. మానుకొమ్మని భర్త వ్రాసెను. మానుమని మీరు స్పష్టముగా ఆజ్ఞాపింపుడు, దాని ఫలమునకు దేవునియెదుట మీరే జవాబు చెప్పుకొనుడు అను భావముతో ఆమె మారు వ్రాసెను. సభ ఆగలేదు.

ఆ వంటయింటి పిల్లవాడగు జాన్ వెస్లీ పెద్దవాడై సంఘమును నడుపునప్పుడు ఇదే ప్రశ్న అతని యెదుటికి వచ్చినది. 1761లో డర్బీ పట్టణమున సారా క్రాస్బీ ముప్పదిమంది వత్తురనుకొన్న చిన్నసభకు ఇన్నూరుమంది రాగా వారికి ఉపదేశము చేసెను. 1771లో మేరీ బొసాంక్వెట్ స్త్రీలు బోధింపవచ్చునని బైబిలు ఆధారములతో వెస్లీకి లేఖ వ్రాసెను. దేవుని విశేషమైన పిలుపు కలవారిని అడ్డగింపరాదని అతడు ఒప్పుకొనెను. కాని అతడు 1791లో చనిపోయినపిదప, 1803లో కూడిన మహాసభ స్త్రీల బోధకు మరల కట్టుబాట్లు పెట్టినది. ఒకరి దయవలన తెరచుకొన్న తలుపు ఆ యొకరు పోగానే మూసికొనుట ఆడువారి చరిత్రలో మాటిమాటికి కనబడు సంగతియే.

అమెరికాలో ఈ సంఘము వేరూనుటకు కూడ ఒక ఇల్లాలే కారణము. ఐర్లండునుండి న్యూయార్కు వలసపోయిన బార్బరా హెక్ 1766లో తనవారు పేకాటలో మునిగియుండుట చూచి ముక్కలను తీసి పొయ్యిలో వేసినదట. పిమ్మట ఫిలిప్ ఎంబరీ అను బంధువును అతని యింటిలోనే బోధింపుమని పట్టుబట్టినది. ఆ మొదటి సభలో కూర్చున్నవారు కొద్దిమందియే. వారిలో బెట్టీ అను నీగ్రో దాసి యొకతె. ఆమెకు ఇంటిపేరు లేదు. ఇంత చరిత్రలో ఆమెనుగూర్చి మిగిలినది ఆ రెండక్షరములే.

1869 మార్చిలో బోస్టను నగరమున గాలివాననాడు ఎనమండ్రు స్త్రీలు కూడి, భారతదేశపు స్త్రీలకు చదువు చెప్పుటకును, వైద్యము చేయుటకును స్త్రీలనే పంపవలెనని ఒక సంఘము పెట్టిరి. చిన్న చిన్న చందాలే దాని మూలధనము. 1870 జనవరిలో ఇద్దరు ఈ దేశమున దిగిరి. ఇసబెల్లా థోబర్న్ లక్నో అమీనాబాదు బజారులో కొద్దిమంది బాలికలతో పెట్టిన బడి క్రమముగా స్త్రీల కళాశాల యైనది. డాక్టరు క్లారా స్వెయిన్ బరేలీలో స్త్రీలకు వైద్యమారంభించెను. రాంపురము నవాబు ఇచ్చిన తోటలో 1874లో ఆమె స్త్రీల ఆసుపత్రి తెరచెను. థోబర్న్ శిష్యురాలు లీలావతీ సింగ్ ఆ కళాశాలలోనే ఆచార్యాణియై, 1900లో న్యూయార్కున జరిగిన మహాసభలో మనదేశపు స్త్రీల ఉన్నతవిద్యనుగూర్చి ప్రసంగించెను. నలుబది యేండ్లకే, 1909లో, ఆమె స్వర్గస్థురాలైనది.

ఇక మన తెలుగుసీమకు వత్తము. మెథడిస్టులు ఇచ్చటికి రెండు పాయలుగా వచ్చిరి. ఇంగ్లీషు పాయయగు వెస్లియను మిషను 1879లో సికింద్రాబాదున మొదలై కరీంనగరము, మెదకు, నిజామాబాదు మొదలగు తావులకు వ్యాపించి గోదావరి దాటి ఆదిలాబాదు సీమకు కూడ వచ్చెను. అమెరికా పాయవారు హైదరాబాదు, వికారాబాదు, బీదరు ప్రాంతములలోను, ప్రాణహిత ఆవలి యొడ్డున తెలుగు మాటలాడు సిరోంచాలోను పనిచేసిరి. సిరోంచాలో వారి స్త్రీలసంఘము బాలికలకు వసతిబడి నడిపెను. ఈ విధముగా కాగజ్‌నగరపు అడవులకు రెండువైపులను ఒకే యింటి అప్పచెల్లెండ్రవంటి సంఘములు నెలకొన్నవి.

నైజాము రాజ్యమున ఆ కాలపు ఘోషా యిండ్లలో పురుషవైద్యుడు అడుగు పెట్టరాదు. ప్రసవవేదన పడు స్త్రీ ప్రాణము పోయినను సరియే, తెర తొలగదు. కావున స్త్రీలు లేకున్న మిషనుపని సగము ఆగిపోవుచుండెను. మెదకున పెద్దదేవళము కట్టించిన చార్లెస్ పాస్నెట్ పేరు అందరును విన్నదే. 1914లో మొదలై 1924 క్రిస్మసునాడు ప్రతిష్ఠింపబడిన ఆ దేవళపు గోపురము 175 అడుగుల యెత్తు. ఆ దేవళమును చూడబోవువారు పాస్నెట్ సోదరి ఎమిలీ పాస్నెట్ పేరును, ఆమె సహచరి సారా హారిస్ పేరును కూడ తలచుకొనవలెను. ఈ ఇద్దరును పెండ్లియాడక, మెదకులోనే కాపురముండి, పల్లెస్త్రీలకు చదువును, శుభ్రతను, రోగులకు ఉపచారమును నేర్పిరి. మెదకు బోధకశాలలో చేరువాడు ఒంటరిగా రారాదు, భార్యతో రావలెను, ఆమెయు చదువుకొనవలెను అను ఏర్పాటు మాకు మిక్కిలి నచ్చినది. భర్త అక్షరాస్యుడై భార్య నిరక్షరురాలైనచో పల్లెలో ఆడువారి కెవరు చెప్పుదురు?

కాగజ్‌నగరమునుండి తిరుగుప్రయాణమున మేము పెద్దపల్లిలో బండి మారి, 2017లో పూర్తియైన రైలుమార్గమున కరీంనగరముమీదుగా నిజామాబాదు చేరితిమి. అక్కడికి సుమారు 15 కిలోమీటర్ల దూరమున డిచ్‌పల్లి కలదు. ఈ యూరి పేరు ఒకప్పుడు విన్నవారు జాలిపడుచుండిరి, కొందరు భయపడుచుండిరి. కుష్ఠురోగుల ఆసుపత్రి అక్కడ నుండుటయే కారణము.

ఆ ఆసుపత్రి ఇసబెల్ కెర్ అను వైద్యురాలి చేతిపని. 1875లో స్కాట్లండున పుట్టి, అబర్డీనున వైద్యము చదివి, 1907లో భర్త జార్జి కెర్‌తో మనదేశమునకు వచ్చెను. వెస్లియను మిషనుపక్షమున నిజామాబాదులో వైద్యము చేయునప్పుడు కుష్ఠురోగులకు చోటెక్కడను లేకుండుట ఆమె కంట బడినది. ఇంటివారు వెళ్లగొట్టిరి. ఊరివారు రానీయరు. మామూలు ఆసుపత్రిలో చేర్చుకొన్న ఇతర రోగులు పారిపోవుదురు. 1911లో ఆమె వారికి ప్రత్యేకముగా చిన్న ఏర్పాటు చేసెను. హిందువైన రాజా నర్సాగౌడు ఉదారముగా ధనమిచ్చెను. 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా ఆసుపత్రి వెలసినది. దాత యొక మతము, వైద్యురాలొక మతము, రోగులు నానామతముల వారు, రాజ్యము మహమ్మదీయ ప్రభువుది. నొప్పికి మతము లేదని డిచ్‌పల్లి ఇటుకలే చెప్పగలవు.

ఆనాడు ఈ రోగమునకు చాల్మూగ్రా జాతి గింజల నూనెయే మందు. త్రాగించినచో కడుపులో త్రిప్పి వాంతియగును. దానిని సూదిమందుగా ఇచ్చు పద్ధతి వచ్చినపిదప ఇసబెల్ కెర్ దానిని పట్టుదలతో సాగించి, రోగము ముదరకముందే వచ్చినవారికి మేలు కలుగునని చూపెను. దాచుకొనక మొదటనే రండని చెప్పుటయే ఆమె బోధలో ముఖ్యము. 1923లో ఆమెకు ప్రభుత్వము కైజర్-ఇ-హింద్ పతక మొసగెను. 1932 జనవరిలో ఆమె కన్నుమూసెను. నేడు ఈ రోగము మాత్రలతోనే పూర్తిగా నయమగుచున్నది. స్పర్శ తెలియని మచ్చ ఒంటిపై కానవచ్చినచో సిగ్గుపడక వైద్యునికి చూపవలెను. ఇది మాత్రము ఆనాటివలెనే నేటికిని వర్తించును.

ఇసబెల్ కెర్ పేరు నిలిచినది. నిలువదగినదే. కాని ఆమె గదిలో గాయములు కడిగిన తెలుగు దాదులెవరు? రోగి భాష ఆమెకు అర్థమగునట్లు చెప్పినదెవరు? ఏ పల్లెలో ఎవరికి మచ్చ వచ్చినదో కనిపెట్టి, నచ్చజెప్పి తీసికొనివచ్చినదెవరు? ఇట్టి పనులకు ఈ దేశపు స్త్రీలు లేక జరుగదు. మిషనులవారి వాడుకలో వారికి బైబిలు స్త్రీలనియు, ఉపదేశిగారి భార్యయనియు పేర్లు. లెక్కల పట్టికలో వారొక అంకె. దొరసానులకు తమ దేశమునకు ఉత్తరములు వ్రాయుట అలవాటు, వానిని దాచి అచ్చువేయు సంఘములు వారికుండెను. పంతులమ్మకు ఉత్తరము వ్రాయవలసిన దూరపుచుట్టము లేదు. పేరు నిలుచుటకును, నిలువకపోవుటకును మాకు తోచిన కారణమిదియే.

ఆ పంతులమ్మ బ్రతుకు తేలికైనది కాదు. వారిలో పెక్కుమంది మాలమాదిగ పేటలలో పుట్టినవారు. పెద్దకులముల వాకిళ్లలో దూరముగా నిలుచుండి పిలుపు వచ్చువరకు కాచుకొనవలెను. తాను నేర్చిన అక్షరమును నేర్పుటకు వచ్చినదానిని అరుగెక్కనీయని దినములవి. స్వకులములోను ఊర్లుపట్టి తిరుగునదని నిందలుండెను. ఇంటికి వచ్చి దంచి వండి పిల్లలను నిద్రపుచ్చవలసినది కూడ ఆమెయే. మతము మార్చుటనుగూర్చి పాఠకులలో భిన్నాభిప్రాయములుండవచ్చును. ఆ చర్చ మేమిక్కడ తలపెట్టలేదు. ఇంటినాలుగు గోడలు దాటి, జీతముతో, చేత పుస్తకముతో, ఒంటరిగా త్రోవనడచిన తొలి తెలుగు స్త్రీలలో వీరు ఉన్నారన్నది మాత్రము ఏ మతమువారైనను ఒప్పుకొనదగిన సంగతి.

తరువాతి కాలమున ఏమైనది? 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఇంగ్లీషు మెథడిస్టులును, ఆంగ్లికనులును, మరికొన్ని శాఖలవారును కలిసి దక్షిణ ఇండియా సంఘముగా ఏర్పడిరి. ఆ సంఘమున 1978లో కరీంనగరము కేంద్రముగా ప్రత్యేక అధ్యక్షమండలము ఏర్పడినది. అమెరికా పాయ 1981లో భారతదేశపు మెథడిస్టు సంఘమను పేర స్వతంత్రమైనది. గురుత్వము మాత్రము చిరకాలము పురుషుల సొత్తుగానే యుండెను. ఇంగ్లండు మెథడిస్టులు 1974లో గాని స్త్రీలకు గురుపట్టము ఇయ్యలేదు. దక్షిణ ఇండియా సంఘము 1982లో అందులకు నిశ్చయించినది. 2013 సెప్టెంబరు 30న నంద్యాలలో తెలుగు స్త్రీ యగు ఎగ్గోని పుష్పలలిత ఆ సంఘమున మొదటి స్త్రీ బిషప్పుగా అభిషేకింపబడెను. సుసన్నా వెస్లీ వంటయింటి సభనుండి అచ్చటికి మూడువందల యేండ్లు పట్టినది. ఆ మూడువందల యేండ్లలో చివరి నూరేండ్లను తెలుగునేలపై నడచి గడపినవారు ఆ పేరులేని పంతులమ్మలే.

ఇప్పుడు మా మనవి యొకటి. ఈ కథ ఒక్క క్రైస్తవ గృహములదే కాదు. ప్రతి యింటిలోను అమ్మమ్మయో, నాయనమ్మయో, మేనత్తయో ఏదో యొక పనికి మొదట గడప దాటియుందురు. ఒకరు బడికి, ఒకరు ఆసుపత్రికి, ఒకరు కాగితపు మిల్లుకు, ఒకరు బొగ్గుగని కార్మికుల బస్తీకి. వారి పేరు, వారు పుట్టిన ఊరు, వారికి అక్షరము దిద్దించినవారు, వారు తిరిగిన పల్లెలు ఎరిగిన ముసలివారు ఇంకను కొందరు మిగిలియున్నారు. ఏటేట తగ్గుచున్నారు.

ఇందులకు పాండిత్యము అక్కరలేదు. మధ్యాహ్నము పని తీరినపిమ్మట పెద్దవారియొద్ద కూర్చుండి అడుగవలెను. నాయనమ్మ యనియు, పంతులమ్మ యనియు కాక, తల్లిదండ్రులు పెట్టిన పేరు అడుగవలెను. విన్నదానిని విన్నట్లే తేదీవేసి వ్రాసి, పిల్లల జాతకములు, పొలము పత్రములు పెట్టుచోటనే భద్రముగా నుంచవలెను. నలుబది పుటల నోటుపుస్తకము పదిహేను ఇరువది రూపాయలకు దొరకుచున్నది. ఒక్కొక్క తల్లికి ఒక్క పుట చాలును.